బేగంపేటలో చార్టర్ కో-పైలట్ ఉద్యోగమా, ఏటీఆర్ ఎయిర్‌లైనా? ముందు ఏది?

ఖమ్మం_కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్లు, మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) చేతికొచ్చి ఏడాది దాటింది. ఎగిరిన గంటలు 200 దాటి కొద్దిగా ఉన్నాయి. మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా మీటర్లు చూసి ఎగిరే అర్హత), ఆర్‌టీఆర్ (రేడియో లైసెన్సు), క్లాస్ 1 మెడికల్ అన్నీ ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎక్కడి నుంచీ పిలుపు లేదు. ఇప్పుడు రెండు ఒకేసారి వచ్చి పడ్డాయి, ఏం చేయాలో తోచడం లేదు.

మొదటిది బేగంపేటలో విమానం పెట్టుకున్న ఒక చార్టర్ కంపెనీ. కింగ్ ఎయిర్ బి200 అనే చిన్న టర్బోప్రాప్ (ప్రొపెల్లర్ విమానం) మీద కో-పైలట్‌గా తీసుకుంటామన్నారు. టైప్ రేటింగ్ (ఆ మోడల్ విమానం నడిపే అర్హత) ఖర్చు వాళ్లదే, బదులుగా నాలుగేళ్ల బాండ్. నెలకు 70 వేలు. వచ్చే వారంలోపు ఏదో ఒకటి చెప్పమన్నారు.

రెండోది ఏటీఆర్‌లు (ప్రొపెల్లర్లతో నడిచే ప్రయాణికుల విమానాలు) నడిపే ఒక ప్రాంతీయ ఎయిర్‌లైన్. రాత పరీక్ష పాసయ్యాను. సిమ్ చెక్ (సిమ్యులేటర్‌లో పరీక్ష), ఇంటర్వ్యూ ఈ నెలాఖరుకి ఉంటాయి. తీసుకుంటే టైప్ రేటింగ్ డబ్బు మనమే కట్టుకోవాలి, 18 లక్షల దాకా అవుతుందంటున్నారు. సెలక్ట్ అవుతానన్న నమ్మకం ఏమీ లేదు.

నాన్న నా ట్రైనింగ్ కోసం ఎకరంన్నర అమ్మారు. అది చాలక బ్యాంకు లోన్ కూడా తీసుకున్నాం. ఈఎంఐ మొదలైపోయింది. చార్టర్‌లో చేరితే ఆ టెన్షన్ వచ్చే నెల నుంచే తగ్గుతుంది. పైగా అమెరికా పైలట్లు రాసుకునేవి చదివితే చాలామంది ఒకటే చెప్తున్నారు: ముందు చార్టర్‌లో గంటలు పెంచుకో, ఆ తర్వాత రీజనల్ ఎయిర్‌లైన్‌కి వెళ్లు అని. మన దగ్గర కూడా అంతేనా? ఎప్పటికైనా కార్పొరేట్ జెట్ నడపాలని నాకు ఉంది, అది కూడా మనసులో పెట్టుకుని చెప్పండి. పెద్దవాళ్లు ఎవరైనా ఈ ఫీల్డులో ఉంటే దయచేసి దారి చూపించండి.

బేగంపేట_కెప్టెన్:

తమ్ముడూ, నేను చార్టర్‌లోనే పెరిగినవాణ్ని. కింగ్ ఎయిర్ కుడి సీటులో, అంటే కో-పైలట్‌గా మొదలుపెట్టాను, ఇప్పుడు ఒక కంపెనీ సొంత జెట్ నడుపుతున్నాను. ఈ పనంటే నాకు ప్రాణం. అయినా నీకు నేను చెప్పేది ఇదే: ఏటీఆర్ సిమ్ చెక్ ఫలితం వచ్చేదాకా ఆ బాండ్ మీద సంతకం పెట్టకు.

ముందు ఆ అమెరికా సలహా సంగతి చూద్దాం. అక్కడ 200, 300 గంటలు ఉన్నవాణ్ని ఎయిర్‌లైన్ తీసుకుందామన్నా చట్టం ఒప్పుకోదు. అందుకే అక్కడి పిల్లలు ఇన్‌స్ట్రక్టర్‌గానో, చార్టర్‌లోనో గంటలు పోగేసుకుంటారు. మన దగ్గర ఆ అడ్డం లేదు. సీపీఎల్ ఉండి, టైప్ రేటింగ్ చేస్తే 200 గంటల వాడు కూడా ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా కూర్చోవచ్చు. ఎయిర్‌బస్ కుడి సీటులో అలా కూర్చున్న పిల్లలు నీకు కూడా తెలిసే ఉంటారు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 1500 గంటలు అడిగేది ఏటీపీఎల్ అనే పై లైసెన్సుకి. అది కెప్టెన్ కావడానికి కావాలి, ఉద్యోగంలో చేరడానికి కాదు.

అసలు ఇక్కడ వరస దాదాపు తిరగబడి ఉంటుంది. మంచి జెట్ ఉన్న కార్పొరేట్ కంపెనీయే అనుభవం అడుగుతుంది. యజమాని తన కుటుంబాన్ని ఎక్కిస్తాడు, ఇన్సూరెన్స్ కంపెనీ పైలట్ గంటలు చూస్తుంది. కొత్త కుర్రాడంటే ఇద్దరూ వెనకాడతారు. మా దగ్గర కుడి సీటుకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఎయిర్‌లైన్‌లో కొన్నేళ్లు చేసి వచ్చినవాళ్లే. అంటే కార్పొరేట్ జెట్ నడపాలన్న నీ కోరికకి కూడా ఏటీఆర్ మంచి దారే.

ఇక గంటలు. చార్టర్ విమానం ఎవరో ఒకరు డబ్బు కడితేనే గాల్లోకి లేస్తుంది. ఎన్నికలప్పుడు తిండికి కూడా టైం ఇవ్వరు. అవి అయిపోయాక వారాల తరబడి హ్యాంగర్‌లోనే ఉంటుంది. ఒకటి రెండు టర్బోప్రాప్‌లు ఉన్న కంపెనీలో కో-పైలట్‌కి ఏడాదికి 200, 250 గంటలు వస్తే అది మంచి ఏడాదే. ఏటీఆర్ పైలట్ రోజుకు నాలుగు సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక్కో ప్రయాణం) ఎగురుతాడు, ఏడాదికి 700 గంటలు సులువుగా వస్తాయి. ఏటీపీఎల్‌కి నీకింకా 1300 గంటలు కావాలి. అక్కడైతే రెండేళ్లలో దగ్గరికొస్తావు. ఇక్కడ నాలుగేళ్ల బాండ్ పూర్తి చేసినా 1500 దూరంగానే ఉంటాయి.

ఇంకొకటి ఉంది, చేరేముందు దీన్ని ఎవరూ చెప్పరు. కింగ్ ఎయిర్ బి200 ఒక్క పైలట్‌తో నడపడానికి సర్టిఫై అయిన విమానం. ప్రయాణికులను తీసుకెళ్లేటప్పుడు మనం ఇద్దరం కూర్చుంటాం. కానీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో పెట్టిన లైసెన్సుల నిబంధనలు, అనెక్స్ 1 ప్రకారం, ఒక్క పైలట్ చాలు అని సర్టిఫై అయిన విమానంలో కో-పైలట్‌గా ఎగిరిన గంటల్లో, పై లైసెన్సు కోసం లెక్కలోకి వచ్చేవి సగానికి మించవు. ఇద్దరు పైలట్ల పద్ధతిలో నడిపే విమానమైతే పూర్తిగా లెక్కించే వెసులుబాటు ఆ దేశపు అధికారులకి ఉంటుంది. నీ గంటలు ఏ లెక్కన లాగ్‌బుక్‌లో పడతాయో ఆ కంపెనీ ఆపరేషన్స్ హెడ్‌ని సూటిగా అడుగు. సమాధానం రాతపూర్వకంగా తీసుకో. పైగా బి200 గరిష్ఠ బరువు 5670 కిలోలు. పెద్ద విమానం అనుభవం అడిగే చాలాచోట్ల హద్దు 5700. ముప్ఫై కిలోలే తక్కువ, కానీ ఆ ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది.

ఇప్పుడు పని ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే దీన్ని నువ్వు ఇష్టపడితే లెక్కలన్నీ పక్కన పెట్టవచ్చు. ఎయిర్‌లైన్‌లో నీకు డిస్పాచ్ ఉంటుంది, గ్రౌండ్ స్టాఫ్ ఉంటారు. చార్టర్‌లో ఆ పనులన్నీ కో-పైలట్ మీదే. ఫ్లైట్ ప్లాన్ వేయాలి. ఏడీసీ, ఎఫ్ఐసీ నంబర్లు (ఎగరడానికి కావాల్సిన అనుమతి నంబర్లు) తెచ్చుకోవాలి. వెళ్లే ఊళ్లో ఇంధనం ఉందా, వాచ్ అవర్స్ (ఎయిర్‌పోర్టు పనిచేసే సమయం) ఎంతవరకు, రాత్రి పార్కింగ్ ఇస్తారా అని ఫోన్లు చేయాలి. లోడ్ అండ్ ట్రిమ్ షీట్ (బరువు లెక్కల కాగితం) నింపాలి, బ్యాగులు నీ చేత్తో సర్దాలి, టిఫిన్ వచ్చిందో లేదో చూడాలి. దీన్ని చిన్నతనం అనుకునేవాడు ఈ పనికి రాడు. నేను మాత్రం విమానయానం అంటే ఏమిటో అక్కడే నేర్చుకున్నాను. ఇవాళ పుట్టపర్తి, రేపు ఓర్వకల్లు, ఎల్లుండి ఎప్పుడూ పేరు వినని ఒక స్టీల్ ప్లాంట్ ఎయిర్‌స్ట్రిప్. ఏ రెండు రోజులూ ఒకేలా ఉండవు. రాత్రిపూట పేషెంట్‌ని రాజమండ్రి నుంచి హైదరాబాద్ తెచ్చినప్పుడు, స్ట్రెచర్ వెనకాలే ఆ ఇంటివాళ్లు దిగుతూ చేతులు పట్టుకుంటారు. ఏ ఎయిర్‌లైన్ జీతమూ దానికి సాటిరాదు, ఇది మనస్ఫూర్తిగా అంటున్నాను.

కానీ ఈ పనిలో అన్నింటికన్నా కష్టమైనది "కుదరదు" అని చెప్పడం. నేను కో-పైలట్‌గా ఉన్న రోజుల్లో ఒక పెద్దమనిషిని లైట్లు లేని ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్‌కి తీసుకెళ్లాం. అక్కడి నుంచి సూర్యాస్తమయంలోపు లేవాలి. మీటింగ్ సాగింది, సాగుతూనే ఉంది. వెలుగు తగ్గాక కార్లు వచ్చాయి. ఆయన మనుషులు మా చుట్టూ మూగారు, ఆఫీసు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మా కెప్టెన్ గొంతు పెంచలేదు. "సార్, పొద్దున్నే ఆరు గంటలకి మిమ్మల్ని దింపుతాను, ఇప్పుడు మాత్రం తీయను" అన్నారు. ఆ రాత్రి అక్కడే ఉన్నాం. తర్వాత కొన్ని నెలలు ఆ క్లయింట్ మా కంపెనీని పిలవలేదు. యజమాని మా కెప్టెన్‌ని ఒక్క మాట కూడా అనలేదు. నేను ఇంకా ఈ వృత్తిలో ఉన్నానంటే ఆ యజమాని వల్ల, ఆ కెప్టెన్ వల్ల.

అందరు యజమానులూ అలా ఉండరు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలినప్పుడు మన ఊళ్లలో ఏ ఇంట్లోనూ టీవీ కట్టలేదు. ఆ రోజు కొండల మీద వాతావరణం ఎలా ఉందో అందరికీ తెలుసు. వీఐపీని ఎక్కించుకున్న పైలట్ మీద, ఎవరూ నోరు తెరిచి ఏమీ అనకపోయినా, ఒక బరువు ఉంటుంది. 200 గంటల కుర్రాడు ఆ బరువుని మోయగలడా అన్నది కెప్టెన్ ఎవరన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే చేరేముందు జీతం కన్నా ముందు ఆ కంపెనీ కెప్టెన్లని కలువు. వాతావరణం బాగాలేదని చివరిసారి ఎప్పుడు ఫ్లైట్ ఆపారో అడుగు. వెంటనే ఒక సంఘటన చెప్తే మంచి కంపెనీ. ఆలోచనలో పడితే దండం పెట్టి వచ్చేయ్.

ఏటీఆర్_అక్క:

కెప్టెన్ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. నేను హైదరాబాద్ బేస్‌లో ఏటీఆర్ 72 ఫస్ట్ ఆఫీసర్‌ని. తమ్ముడూ, ఎయిర్‌లైన్ వైపు కూడా అంతా పూలబాట కాదు, అది తెలిసి రా.

మన తెలుగు రాష్ట్రాల సంగతే చూడు. విజయవాడ నుంచి ఎయిర్ కోస్టా 2013లో మొదలైంది, 2017లో ఆగిపోయింది. హైదరాబాద్‌లో పుట్టిన ట్రూజెట్ 2015లో ఏటీఆర్‌లతో ఎగరడం మొదలుపెట్టింది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ (చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్ర పథకం) మొదలైన రోజునే కడప, నాందేడ్‌లకి విమానాలు నడిపింది. 2022లో అదీ ఆగిపోయింది. ప్రాంతీయ ఎయిర్‌లైన్ అంటే చిన్న ఊళ్లు, తక్కువ టికెట్ ధర, ఖరీదైన ఇంధనం, లీజు విమానాలు. ఒక ఏడాది దెబ్బతింటే తట్టుకునే శక్తి చాలా వాటికి ఉండదు. నేను మొదట చేరిన చోట కూడా జీతాలు ఆలస్యం కావడం మొదలైంది. ఆ నెలల్లో ఇంట్లో ఎలా గడిచిందో నాకు, మా అమ్మకి తెలుసు. అయితే అప్పటికి నా లాగ్‌బుక్‌లో ఏటీఆర్ మీద 500 గంటలు దాటాయి. అందుకే ఇంకో చోట రేటింగ్ ఉన్న ఫస్ట్ ఆఫీసర్‌గా వెంటనే తీసుకున్నారు. కంపెనీ పోయినా గంటలు మనతోనే ఉంటాయి. చార్టర్‌తో పోలిస్తే అసలు తేడా అదే అని నా అభిప్రాయం. మన దేశంలో ఏటీఆర్ నడిపేది ఒక్కరు కాదు. ఇండిగో ఉంది, ప్రభుత్వ రంగంలో మిగిలిన అలయన్స్ ఎయిర్ ఉంది, 2024లో గోవా నుంచి మొదలైన ఫ్లై91 ఉంది. ఆ రేటింగ్‌కి గిరాకీ ఉంటుంది. పాత బిజినెస్ జెట్ ఒకదాని మీద రేటింగ్ తెచ్చుకున్నావనుకో, దేశంలో ఆ మోడల్ విమానాలు రెండో మూడో ఉంటాయి. అవి అమ్ముడుపోతే నీ రేటింగ్‌తో చేసేదేమీ ఉండదు.

విమానం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేను దాన్ని ప్రేమిస్తాను. ఏటీఆర్‌లో ఆటో థ్రాటిల్ ఉండదు. వేగం నీ చేతిలోనే. 23 టన్నుల విమానాన్ని, పొద్దున్న రాజమండ్రిలో, మధ్యాహ్నం తిరుపతిలో, ఎండాకాలపు గాలుల్లో, వానాకాలపు మబ్బుల్లో దించుతూ ఉంటే చెయ్యి తిరుగుతుంది. జెట్‌లకి వెళ్లిన మా సీనియర్లు ఇప్పటికీ ఏటీఆర్ రోజులే తలుచుకుంటారు.

రోస్టర్ ముందే చేతికొస్తుంది. కొత్త ఎఫ్‌డీటీఎల్ (పైలట్ల డ్యూటీ గంటల పరిమితి) నిబంధనల్లో వారానికి వరుసగా 48 గంటల విశ్రాంతి పెట్టారు, ఇదివరకు 36 ఉండేది. 2025 డిసెంబరులో దేశమంతా విమానాలు రద్దయినప్పుడు ఈ నిబంధనల పేరే అందరి నోటా వినపడింది. ప్రయాణికులు మమ్మల్ని తిట్టుకున్నారు. వాళ్ల బాధ నిజమే. కానీ నాలుగో సెక్టార్‌లో, రాత్రి పదకొండింటికి, వానలో దిగేటప్పుడు ఆ విశ్రాంతి ఎందుకో నాకు తెలుసు. చార్టర్‌లో ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియదు, పెళ్లి భోజనం మధ్యలో లేచి వెళ్లిన స్నేహితులు ఉన్నారు నాకు.

ఒక్క విషయంలో కెప్టెన్ గారితో నా మాట వేరు. ఈఎంఐ అన్నది చిన్న విషయం కాదు. సిమ్ చెక్‌లో రాకపోతే చార్టర్‌ని చిన్నచూపు చూడకు, వెళ్లి చేరు. లైసెన్సు జేబులో పెట్టుకుని ఖాళీగా ఉంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెల్లుబాటు పోతుంది, మళ్లీ దానికి డబ్బు పోయాలి. వాడకపోతే చేతి నైపుణ్యమూ పోతుంది.

ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకో. ఎయిర్‌లైన్ ఆఫర్ లెటర్ చేతికి రాకుండా టైప్ రేటింగ్‌కి రూపాయి కూడా కట్టకు. "ముందు రేటింగ్ చేసుకో, ఉద్యోగం మేం చూస్తాం" అని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. లక్షలు పోసి రేటింగ్ చేసుకుని ఏళ్ల తరబడి కూర్చున్న పిల్లలు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. ఆఫర్ లెటర్ ఉంటే బ్యాంకుతో మాట్లాడటం కూడా తేలిక.

డాలస్_నుంచి:

అన్నలకి, అక్కకి నమస్తే. మాది గుంటూరు, ఇక్కడికొచ్చి చాలాకాలమైంది. గ్రీన్ కార్డు వచ్చాక ఐటీ వదిలేసి పైలట్ అయ్యాను. కెప్టెన్ గారు అమెరికా గురించి రాసింది కరెక్టే, ఇక్కడ ఉన్నవాడిగా కొంచెం కలుపుతాను.

ఇక్కడ 1500 గంటల నిబంధన 2013లో వచ్చింది. దానికి కారణం 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కూలిన కోల్గాన్ ఎయిర్ 3407. అది ప్రాంతీయ ఎయిర్‌లైన్ టర్బోప్రాప్ విమానమే. అందులో ఉన్న 49 మంది, కింద ఇంట్లో ఉన్న ఒకరు చనిపోయారు. ఆ కుటుంబాలు పోరాడి చట్టం తెచ్చుకున్నాయి. ఆ విమానం నడిపిన ఇద్దరికీ 1500 కన్నా ఎక్కువ గంటలే ఉన్నాయి. అందుకని ఈ నిబంధన మీద ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉంటాయి. ఏమైనా చట్టం చట్టమే. ఏవియేషన్ డిగ్రీ ఉన్నవాళ్లకి 1000, మిలిటరీ నుంచి వచ్చినవాళ్లకి 750తో సడలింపు ఉంది, మామూలు వాడికి 1500 ఉండాల్సిందే.

చార్టర్‌కి ఇక్కడ పార్ట్ 135 అనే నిబంధనలు. వాటిలో తక్కువ గంటలతో కో-పైలట్‌గా చేరవచ్చు, ఐఎఫ్ఆర్‌లో (మీటర్లు చూసి ఎగిరే పద్ధతిలో) కెప్టెన్‌గా కూర్చోవడానికి 1200 గంటలు చాలు. నేను ముందు ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను, తర్వాత చార్టర్, ఆ తర్వాత రీజనల్. ఈ వరస ఈ చట్టం వల్ల ఏర్పడింది. నువ్వు చదివిన సలహాలన్నీ దీన్ని మనసులో పెట్టుకుని రాసినవి. ఖమ్మంలో కూర్చున్నవాడికి అవి వర్తించవు.

ఒకప్పుడు ఇక్కడ రీజనల్ జీతం వింటే జాలేసేది. 2022లో పైలట్ల కొరత వచ్చి అమెరికన్ ఎయిర్‌లైన్స్ సొంత రీజనల్స్ మొదటి ఏడాది ఫస్ట్ ఆఫీసర్‌కే గంటకు 90 డాలర్లు ఇవ్వడం మొదలుపెట్టాయి, మిగతావాళ్లు కూడా పెంచారు. 2020లో మాత్రం కంపాస్, ట్రాన్స్ స్టేట్స్, ఎక్స్‌ప్రెస్‌జెట్ అనే మూడు రీజనల్స్ ఆ ఒక్క ఏడాదిలోనే మూతపడ్డాయి. సీనియారిటీ అంతా కంపెనీతోనే పోతుంది, ఇంకో చోట చేరితే మళ్లీ అందరికన్నా కిందే. కార్పొరేట్‌లో సీనియారిటీ లిస్టు గొడవ అంత ఉండదు, చీఫ్ పైలట్‌కి నువ్వు నచ్చాలి. ఎయిర్‌లైన్ ఉద్యోగం అప్లికేషన్‌తో వస్తుంది, కార్పొరేట్ ఉద్యోగం నిన్ను తెలిసినవాడు ఫోన్ చేస్తే వస్తుంది. ఇప్పుడు నేను ఒక కంపెనీ జెట్ నడుపుతున్నాను, నన్ను పిలిచింది రీజనల్‌లో నా పక్కన కూర్చున్న కెప్టెనే.

ఇది చదివే మన పిల్లలకి ఇంకో మాట. అమెరికాలో ట్రైనింగ్ అయితే ఇక్కడే ఉద్యోగం దొరుకుతుందని కొందరు కన్సల్టెన్సీల వాళ్లు చెప్తున్నారు. గ్రీన్ కార్డో, పౌరసత్వమో లేకుండా రీజనల్‌లో చేరడం దాదాపు జరగని పని. స్టూడెంట్ వీసా మీద వచ్చి ఈ ఆశతో అప్పు చేయకండి.

ఖమ్మం_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. మీ రిప్లైలు నాన్నకి చదివి వినిపించాను. ఆయన ఏటీఆర్ అక్క రాసిన ఆఫర్ లెటర్ మాట రెండుసార్లు చదివించుకున్నారు.

కెప్టెన్ సార్, మీరు చెప్పినట్టు చార్టర్ కంపెనీకి వెళ్లి అక్కడి సీనియర్ కెప్టెన్‌ని కలిశాను. మంచిగా మాట్లాడారు. వాతావరణం గురించి అడిగితే, పోయిన వానాకాలంలో నాగార్జునసాగర్ దాకా వెళ్లి వెనక్కి తిప్పిన సంగతి వెంటనే చెప్పారు. గంటలు ఎలా లాగ్ చేస్తారంటే ఆఫీసులో కనుక్కుని మెయిల్ పెడతామన్నారు. బాండ్ కాగితం ఇచ్చారు. మధ్యలో ఎప్పుడు మానేసినా 20 లక్షలు కట్టాలని ఉంది, ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం పెట్టిన చెక్కులు వాళ్ల దగ్గర పెట్టాలట. వచ్చే వారమే గడువు. సిమ్ చెక్ నెలాఖరుకి. టైం అడిగితే ఆఫర్ పోతుందేమోనని భయంగా ఉంది.

బేగంపేట_కెప్టెన్:

నాగార్జునసాగర్ సంగతి విని సంతోషం వేసింది. అలా చెప్పగలిగిన కెప్టెన్ ఉన్న చోట నువ్వు క్షేమంగా ఉంటావు.

టైం అడుగు. దాపరికం లేకుండా అడుగు. "సార్, నాకు ఒక ఎయిర్‌లైన్ సిమ్ చెక్ ఉంది, ఈ తేదీన తేలిపోతుంది, అక్కడ రాకపోతే బాండ్ పూర్తయ్యేదాకా మీ దగ్గరే ఉంటాను" అని చెప్పు. బేగంపేట చిన్న ప్రపంచం. 2008లో షంషాబాద్ మొదలై మామూలు విమానాలు వెళ్లిపోయాక ఇక్కడ మిగిలింది చార్టర్లు, ట్రైనింగ్, ఎయిర్‌ఫోర్స్, వీఐపీల రాకపోకలే. అందరికీ అందరూ తెలుసు. సంతకం పెట్టి మూడు నెలలకి పారిపోయినవాడి పేరు పదేళ్లు గుర్తుంటుంది. ముందే నిజం చెప్పిన కుర్రాడి పేరు కూడా అలాగే గుర్తుంటుంది. ఎప్పుడో నువ్వు ఏటీఆర్ గంటలతో తిరిగొస్తే అదే ఆఫీసులో నీకు జెట్ సీటు దొరకవచ్చు. డాలస్ తమ్ముడు చెప్పింది ఇక్కడ కూడా నిజమే, కార్పొరేట్‌లో ఉద్యోగం మనిషిని బట్టే వస్తుంది.

వాళ్లు ఒప్పుకోకపోతే పోనీ అనుకో అని నేను అనలేను, మీ ఇంటి పరిస్థితి నాకు తెలియదు. అది నువ్వు, మీ నాన్న గారు కూర్చుని తేల్చుకోవాలి. సంతకం పెట్టాల్సి వస్తే మాత్రం ఇవి మార్పించుకో. 20 లక్షలు చివరి రోజు వరకు 20 లక్షలుగానే ఉండటం అన్యాయం. వాళ్లు రేటింగ్‌కి నిజంగా పెట్టిన ఖర్చు ఎంతో రాయించి, ఏడాదికింత అని తగ్గుతూ పోయేలా చేయించుకో. ఆరు నెలలకోసారి వచ్చే పీపీసీ (పైలట్ నైపుణ్య పరీక్ష), ఏటా వచ్చే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చెక్ ఖర్చు కంపెనీదే అని ఉండాలి. విమానం అమ్మేసినా, ఏడాదికి ఇన్ని గంటలు ఎగరనివ్వకపోయినా బాండ్ చెల్లదని ఒక వాక్యం ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు, కాపీలు ఇవ్వు. చెక్కుల విషయంలో సంతకానికి ముందే ఒక లాయర్‌కి కాగితం చూపించు, ఖమ్మంలో అయినా సరే. నోటీసు పీరియడ్ కూడా ఉంది, 2017లో డీజీసీఏ కెప్టెన్‌కి ఏడాది చేసింది, కో-పైలట్‌కి ఆరు నెలలే ఉంచింది. బాండ్ అయిపోయాక కూడా అది మిగిలే ఉంటుంది, లెక్కలో పెట్టుకో.

ఏటీఆర్_అక్క:

తమ్ముడూ, ఇక మిగిలింది సిమ్ చెక్. భయపడకు. అక్కడ నిన్ను ఏటీఆర్ పైలట్‌గా ఎవరూ చూడరు, నేర్పిస్తే నేర్చుకుంటాడా అని చూస్తారు. చాలావరకు ఆటోపైలట్ తీసేసి, ఫ్లైట్ డైరెక్టర్ (ఎటు తిప్పాలో తెర మీద చూపే సాధనం) లేకుండా ఎగరమంటారు. ఎత్తు, హెడింగ్, వేగం నిలబెట్టాలి. ఒక హోల్డింగ్ (గాల్లో ఒకచోట చుట్టూ తిరుగుతూ ఆగడం), ఒక ఐఎల్ఎస్ (రేడియో సంకేతాలతో రన్‌వేకి దిగడం), ఒక ఇంజిన్ పోయిన పరిస్థితి ఇస్తారు. నీ ఫ్లయింగ్ క్లబ్‌లో ఉన్న చిన్న సిమ్యులేటర్ మీదైనా స్కాన్ (మీటర్లన్నీ వరసగా చూడటం) ప్రాక్టీస్ చెయ్యి. హోల్డింగ్ ఎంట్రీలు కాగితం మీద గీసి గీసి చెయ్యి, లోపల ఆలోచించుకునే టైం ఉండదు. ఏదైనా తప్పితే నోటితో చెప్పి సరిదిద్దుకో, మౌనంగా ఉండకు. పక్కన కూర్చున్నవాడితో మాట్లాడుతూ ఎగరడాన్ని వాళ్లు అన్నింటికన్నా ఎక్కువగా చూస్తారు.

ఈ ఆదివారం సాయంత్రం నాకు డ్యూటీ లేదు. నీ దగ్గర ఉన్న అప్రోచ్ ప్లేట్లు (రన్‌వేకి దిగే దారి చూపే చార్టులు) తెచ్చుకుని ఇక్కడ మెసేజ్ పెట్టు, ఒక బ్రీఫింగ్ మొదటి నుంచి చివరి దాకా నాకు చెప్పి వినిపించు.

ఖమ్మం_కుర్రాడు:

తప్పకుండా అక్కా, ఆరు గంటలకి మెసేజ్ పెడతాను. చార్టర్ ఆఫీసుకి కూడా ఇవాళ ఫోన్ చేశాను. నిజం చెప్పేశాను. రెండు వారాలు ఆగుతామన్నారు.

బేగంపేట_కెప్టెన్:

సిమ్ చెక్ నెలాఖరుకి అన్నావు. రెండు వారాలు చాలవు, ఇంకో వారం కావాలి. ఈ రోజే మళ్లీ ఫోన్ చేసి ఆ తేదీ చెప్పు, ఒక మెయిల్ కూడా పెట్టు.